ఎవరీ రాబర్ట్ గాల్‌బ్రైత్?

బ్రిటన్‌లో ఓ కొత్త రచయిత తొలి డిటెక్టివ్ నవల రాశాడు. విమర్శకులు మెచ్చుకున్నారు. చదివినవాళ్లు బాగుందన్నారు. కానీ చదివినవాళ్లే తక్కువ! సరిగ్గా మూడు నెలలు తిరిగేసరికి అదే పుస్తకం షాపుల్లో దొరకడం గగనమైపోయింది. లోపల ఒక్క అక్షరం కూడా మారలేదు. మారిందల్లా రచయిత ఎవరన్న సంగతి ఒక్కటే!

2013 ఏప్రిల్‌లో 'ది కకూస్ కాలింగ్' అనే నవల లండన్ పుస్తకాల షాపుల్లోకి వచ్చింది. అట్ట మీద రచయిత పేరు రాబర్ట్ గాల్‌బ్రైత్. అప్పటిదాకా ఎవరూ వినని పేరది. పుస్తకంలో ఆయన గురించి నాలుగంటే నాలుగే ముక్కలు ఉన్నాయి. సైన్యంలోని రాయల్ మిలిటరీ పోలీసు విభాగంలో పరిశోధకుడిగా పనిచేశారనీ, 2003లో ఆ ఉద్యోగం వదిలేసి ప్రైవేటు సెక్యూరిటీ రంగంలోకి వచ్చారనీ, పెళ్లయింది, ఇద్దరు కొడుకులనీ, ఇది ఆయన కలంపేరనీ... అంతే.

మాజీ సైనికులు నవలలు రాయడం బ్రిటన్‌లో కొత్తేమీ కాదు. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. వాల్ మెక్‌డెర్మిడ్, మార్క్ బిల్లింగ్‌హామ్ లాంటి పేరున్న క్రైమ్ రచయితలు నవల చదివి భేష్ అన్నారు. పుస్తక వ్యాపార రంగంలో పేరున్న అమెరికా పత్రిక 'పబ్లిషర్స్ వీక్లీ' తన సమీక్షలో దీన్ని ప్రత్యేకంగా స్టార్ గుర్తుతో మెచ్చుకుంది. డిటెక్టివ్ నవలల అభిమానులకు ఓ కొత్త రచయిత దొరికాడన్నమాటే.

అంతకీ ఏముంది అందులో?

మంచు పడుతున్న రాత్రి. లండన్‌లో సంపన్నులుండే మేఫెయిర్ ప్రాంతం. లూలా లాండ్రీ అనే సూపర్ మోడల్ తన ఫ్లాట్ బాల్కనీ నుంచి కింద పడి చనిపోతుంది. ఆత్మహత్యేనని పోలీసులు తేల్చేస్తారు. ఆమె అన్న మాత్రం నమ్మడు. మూడు నెలల తర్వాత ఓ ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కుతాడు.

ఆ డిటెక్టివ్ పేరు కార్మోరన్ స్ట్రైక్. అఫ్గానిస్థాన్ యుద్ధంలో ఓ కాలు సగం పోగొట్టుకున్నాడు. భారీ విగ్రహం, కృత్రిమ కాలు, నెత్తిన అప్పులు. ప్రేమించిన అమ్మాయితో తెగతెంపులై ఆఫీసులోనే మడత మంచం వేసుకుని పడుకుంటున్నాడు. సరిగ్గా అదే రోజు ఏజెన్సీ పంపగా తాత్కాలిక సెక్రటరీగా వస్తుంది రాబిన్. వారం రోజుల పని కోసం వచ్చిన ఆ అమ్మాయికి చిన్నప్పటి నుంచీ డిటెక్టివ్ పనంటే ప్రాణం. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు!

స్ట్రైక్ ఆఫీసు ఉన్న డెన్మార్క్ స్ట్రీట్ లండన్‌లో నిజంగానే ఉంది. గిటార్లూ సంగీత వాయిద్యాలూ అమ్మే దుకాణాలకు పేరుపడ్డ చిన్న వీధి అది. ఇంకో విశేషం... షెర్లాక్ హోమ్స్ స్నేహితుడు డాక్టర్ వాట్సన్ కూడా అఫ్గాన్ యుద్ధంలో గాయపడి లండన్ చేరినవాడే. డిటెక్టివ్ కథలు బాగా చదివినవాళ్లకు ఆ పోలిక ఇట్టే గుర్తొస్తుంది.

పాత పద్ధతిలో కొత్త కథ

సెల్‌ఫోన్లూ, ఫొటోగ్రాఫర్ల వేటా, ఫ్యాషన్ ప్రపంచం... నవలలో అంతా ఈ కాలపు సరంజామానే. కథ నడిపిన తీరు మాత్రం పక్కా పాతకాలం. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య బ్రిటన్‌లో డిటెక్టివ్ నవలకు స్వర్ణయుగం నడిచింది. అగాథా క్రిస్టీ, డొరొతీ సేయర్స్, మార్జరీ ఆలింగ్‌హామ్, న్యూజిలాండ్ నుంచి వచ్చిన నైయో మార్ష్... ఈ నలుగురు మహిళలూ ఆ రాజ్యానికి రాణులు. వీళ్ల కథల్లో నెత్తురు తక్కువ, మెదడుకు మేత ఎక్కువ. అనుమానితులు పదిమందికి మించరు. హంతకుడు వాళ్లలోనే ఉంటాడు. డిటెక్టివ్‌కి దొరికిన ప్రతి ఆధారమూ పాఠకుడికీ కనిపించాలి. అదే అసలు నియమం.

ఇది మాటవరసకు చెప్పే నియమం కాదు. రొనాల్డ్ నాక్స్ అనే ఫాదరీ 1929లో ఏకంగా పది సూత్రాలు రాసిపెట్టాడు. కథలో దయ్యాలూ మంత్రాలూ పనికిరావు, రహస్య మార్గం ఉంటే ఒక్కటే ఉండాలి, డిటెక్టివే హంతకుడు కాకూడదు... ఇలా సాగుతాయవి. 1930లో 'డిటెక్షన్ క్లబ్' పేరుతో రచయితలంతా ఓ సంఘం పెట్టుకుని, పాఠకుడిని మోసం చెయ్యబోమని ప్రమాణాలు కూడా చేశారు!

గాల్‌బ్రైత్ ఈ దారిలోనే నడిచాడు. స్ట్రైక్ తుపాకీ పట్టుకుని పరుగులు తీయడు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి కూర్చుంటాడు. వాచ్‌మన్, డ్రైవర్, డ్రెస్ డిజైనర్, స్నేహితురాలు... అందరితో మాట్లాడిస్తాడు. వాళ్లు చెప్పినవన్నీ నోట్సు రాసుకుంటాడు. ఎవరి మాటకు ఎవరి మాట పొసగలేదో చూస్తాడు. చివర్లో చిక్కుముడి విప్పినప్పుడు, 'అరె, ఇది మన కళ్ల ముందే ఉందే!' అనిపిస్తుంది. డిటెక్టివ్ యుగంధర్ నవలలు దిండు కింద దాచుకుని చదివిన తెలుగు పాఠకులకు ఆ ఆనందం గురించి వేరే చెప్పక్కర్లేదు.

మంచి పేరొచ్చింది... మరి అమ్మకాలు?

ఇన్ని ప్రశంసలొచ్చినా మొదటి మూడు నెలల్లో బ్రిటన్‌లో అమ్ముడైన గట్టి అట్ట ప్రతులు 1,500 మాత్రమే. ఈ-బుక్కులూ, ఆడియో పుస్తకాలూ, లైబ్రరీలు తీసుకున్నవీ, ఇతర దేశాల్లో పోయినవీ అన్నీ కలిపినా 8,500. కొత్త రచయితకు ఇది మరీ తీసిపారేసే లెక్క కాదు. అలాగని సంబరపడేంతా లేదు.

అసలు అచ్చు కావడమే కష్టమైంది. ఆ రాతప్రతి అంతకుముందే కొన్ని ప్రచురణ సంస్థల గడప తొక్కి వెనక్కి తిరిగొచ్చింది. ఓ ఎడిటర్ బాగానే ఉందంటూనే, ఎక్కడా పెద్ద మెరుపు కనిపించలేదని పక్కన పెట్టేశారు. మరో సంస్థ అయితే రచనలో శిక్షణ తీసుకుంటే మేలని మర్యాదగా సలహా కూడా ఇచ్చింది. 'ఇంకెక్కడైనా ప్రయత్నించండి' అన్న ఉత్తరం అందుకోని కొత్త రచయిత ఏ దేశంలోనూ ఉండడు కదా!

ఒక్క ట్వీటు!

జులై నెల. పత్రికల్లో కాలమ్ రాసే ఇండియా నైట్, తాను ఈ నవల చదువుతున్నాననీ చాలా బాగుందనీ ట్విటర్‌లో రాశారు. దానికి ఎవరో ముక్కూమొహం తెలియని వ్యక్తి బదులిచ్చారు. అది రాసింది కొత్త రచయిత కాదనీ, హ్యారీ పోటర్ సృష్టికర్త జె.కె. రౌలింగ్ అనీ దాని సారాంశం. ఎలా తెలుసని అడిగాక కాసేపటికే ఆ ఖాతా మాయమైపోయింది!

ఇక్కడి నుంచి నవల వెనక ఇంకో డిటెక్టివ్ కథ మొదలైంది. 'సండే టైమ్స్' పత్రిక ఆర్ట్స్ ఎడిటర్ రిచర్డ్ బ్రూక్స్ ఆ తీగ పట్టుకుని లాగారు. మొదటి ఆధారం ఇంటర్నెట్‌లోనే దొరికింది. గాల్‌బ్రైత్‌కీ రౌలింగ్‌కీ ఏజెంటు ఒకరే. ప్రచురణ సంస్థా ఒకటే. ఎడిటర్ కూడా ఒకరే! రౌలింగ్ లాంటి మహామహుల పుస్తకాలు చూసే ఎడిటర్ ఊరూపేరూ లేని మాజీ సైనికుడి తొలి నవలను ఎందుకు నెత్తికెత్తుకున్నట్టు? రెండో అనుమానం... జీవితమంతా పటాలాల్లో గడిపిన మనిషి ఆడవాళ్ల బట్టల గురించి అంత వివరంగా ఎలా రాయగలిగాడు?

మాటలే వేలిముద్రలు

అనుమానం సరే, సాక్ష్యం కావాలిగా! పత్రిక ఇద్దరు నిపుణుల్ని ఆశ్రయించింది. ఒకరు అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని డ్యుకేన్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ ప్యాట్రిక్ జువోలా. రెండోవారు ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన పీటర్ మిలికన్. కంప్యూటర్‌తో రచనల శైలిని కొలిచి, రాసిందెవరో అంచనా వేయడం వీళ్ల విద్య.

జువోలా నాలుగు పుస్తకాలు పక్కన పెట్టుకున్నారు. పెద్దల కోసం రౌలింగ్ 2012లో రాసిన 'ది క్యాజువల్ వేకెన్సీ' ఒకటి. మిగతా మూడూ రూత్ రెండెల్, పి.డి. జేమ్స్, వాల్ మెక్‌డెర్మిడ్ రాసిన క్రైమ్ నవలలు. వీటిలో ఏ శైలి గాల్‌బ్రైత్ శైలికి దగ్గరగా ఉందో చూడాలి.

కొలిచినవి గొప్ప గొప్ప ఉపమానాల్ని కాదు. రచయిత వాడే పదాలు ఎంతెంత పొడవున్నాయి, అతి మామూలు పదాలు వందింటిని ఏ లెక్కన వాడుతున్నారు, ఏ రెండు పదాలు పక్కపక్కన వస్తున్నాయి, ఏ నాలుగు అక్షరాలు వరసగా పడుతున్నాయి... ఇవీ ఆ పరీక్షలు. ఇలాంటి చిన్న పదాల మీద రాసేవాళ్లకు ధ్యాస ఉండదు. అందుకే గొంతు మార్చాలని ఎంత ప్రయత్నించినా అవి మాత్రం దాగవు. నడక చూసి మనిషిని గుర్తుపట్టినట్టే ఇదీను! ఓ అరగంటలో ఫలితం వచ్చింది. రాసింది ఆమేనని కంప్యూటర్ ఖాయం చెయ్యలేదు. కానీ నలుగురిలో అన్ని పరీక్షలకూ తట్టుకుని నిలబడ్డ పేరు మాత్రం రౌలింగ్‌దే. మిలికన్ లెక్కలూ అటే మొగ్గాయి.

ఇక దాచి లాభం లేదు. పత్రిక సూటిగా అడగ్గానే రౌలింగ్ తరఫున అవునన్న జవాబొచ్చింది. 2013 జులై 14 ఆదివారం పత్రికలో వార్త వచ్చింది.

తెల్లారేసరికి...

అంతవరకూ అమెజాన్ అమ్మకాల జాబితాలో నాలుగు వేల పైచిలుకు స్థానంలో ఎక్కడో ఉన్న పుస్తకం గంటల్లో మొదటి స్థానానికి ఎగబాకింది. షాపుల్లో ఉన్న కాసిని ప్రతులూ అయిపోయాయి. హడావిడిగా మళ్లీ అచ్చు వేయడానికి ప్రచురణ సంస్థ పరుగులు పెట్టింది. గాల్‌బ్రైత్ పేరుతో సంతకం చేసిన తొలి ముద్రణ ప్రతి ఒకటి నాలుగు వేల డాలర్లకు పైగా పలికింది. అంతకు వారం ముందు అదే పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, ఎవరో తెలియదులే అని మళ్లీ అరలో పెట్టేసినవాళ్లు ఎంతమందో!

ఇదంతా అమ్మకాల కోసం ఆడిన నాటకమని చాలామంది అనుమానించారు. నాలుగు రోజుల్లో అసలు సంగతి బయటపడింది. రౌలింగ్ న్యాయ వ్యవహారాలు చూసే సంస్థలోని ఓ లాయరు తన భార్య స్నేహితురాలి దగ్గర నోరు జారాడు. ఆమె ట్విటర్‌లో పెట్టేసింది. అదీ కథ! సంస్థ క్షమాపణ చెప్పుకుంది. రౌలింగ్‌కి మాత్రం కోపం ఆగలేదు. కోర్టుకెళ్లారు. మాజీ సైనికుల కుటుంబాలను ఆదుకునే 'సోల్జర్స్ ఛారిటీ'కి భారీ విరాళం ఇవ్వడానికి ఆ సంస్థ ఒప్పుకుంది. పుస్తకం మీద తనకొచ్చే రాయల్టీని కూడా మూడేళ్లపాటు అదే ఛారిటీకి ఇస్తానని రౌలింగ్ ప్రకటించారు. సైనికుడి పేరుతో రాసినందుకు ఆ రుణం అలా తీర్చుకున్నారన్నమాట. నోరు జారిన లాయరుకి వెయ్యి పౌండ్ల జరిమానా పడింది.

ముసుగెందుకు?

ప్రపంచంలో అందరికీ తెలిసిన పేరు ఉండగా, తెలియని పేరు ఎందుకు పెట్టుకున్నట్టు? రౌలింగ్ చెప్పిన కారణం చాలా మామూలుగా ఉంటుంది. ప్రచార హోరు లేకుండా, ఎవరి అంచనాలూ నెత్తిన మోయకుండా పుస్తకం తేవాలనుకున్నారు. మంచైనా చెడైనా నిజమైన అభిప్రాయం వినాలనుకున్నారు. హ్యారీ పోటర్ తర్వాత ఆమె ఏం రాసినా పొగిడేవాళ్లు ముందే పొగుడుతారు, తిట్టేవాళ్లు ముందే తిడతారు. గాల్‌బ్రైత్‌గా ఉన్న ఆ మూడు నెలలూ ఎంతో స్వేచ్ఛగా అనిపించిందనీ, ఇంకొంత కాలం ఆ రహస్యం నిలిస్తే బాగుండేదనీ ఆమె బాధపడ్డారు. రాబర్ట్ అన్న పేరు తన అభిమాన నాయకుడు రాబర్ట్ కెనెడీది. చిన్నప్పుడు తనని తాను 'ఎల్లా గాల్‌బ్రైత్'గా ఊహించుకునేవారట. రెండూ కలిపితే కొత్త రచయిత పుట్టాడు.

ఈ ముసుగు బ్రిటన్‌కి కొత్తా కాదు. అగాథా క్రిస్టీ అంతటి ఆవిడే మేరీ వెస్ట్‌మకాట్ పేరుతో ఆరు నవలలు రాశారు. 1930లో మొదలైన ఆ రహస్యం దాదాపు రెండు దశాబ్దాలు నిలిచి, 1949లో బయటపడింది. బయటపెట్టింది ఎవరనుకున్నారు? అదే 'సండే టైమ్స్'! నోబెల్ గ్రహీత డోరిస్ లెస్సింగ్ 1980ల్లో ఇంకాస్త ముందుకెళ్లారు. కొత్త రచయితలకు ఎలాంటి ఆదరణ ఉందో చూద్దామని జేన్ సోమర్స్ అనే పేరుతో నవల పంపితే, ఆమె పుస్తకాలు వేసే బ్రిటన్ సంస్థే వద్దని తిప్పి పంపింది!

తెలుగులో ఇలాంటి కథే తిరగేసి నడిచింది. రచయిత్రుల నవలలకు విపరీతమైన గిరాకీ ఉన్న రోజుల్లో కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని సీరియల్స్ రాశారు. అక్కడ ఆవిడ మగపేరు పెట్టుకుంది. ఎక్కడైనా పేరుకున్న మహిమే వేరు!

గాల్‌బ్రైత్ నిజమే అయితే?

ఈ ఉదంతం వదిలివెళ్లిన ప్రశ్న ఒకటుంది. గాల్‌బ్రైత్ నిజంగానే ఓ మాజీ సైనికుడై ఉంటే? అదే నవల, అవే సమీక్షలు, అవే 1,500 ప్రతులు. ఏ లాయరూ నోరు జారేవాడు కాదు. ఏ ఆదివారమూ మొదటి పేజీ వార్త వచ్చేది కాదు. అలాగని ఆ పుస్తకం మట్టిలో కలిసిపోయేదని కూడా చెప్పలేం. ఎందుకంటే గుట్టు రట్టవక ముందే రెండు టీవీ నిర్మాణ సంస్థలు గాల్‌బ్రైత్‌ని వెతుక్కుంటూ వచ్చాయి. అంటే మంచి పుస్తకం తన దారి తాను వెతుక్కుంటోంది. కాకపోతే నడిచి వెళుతోంది. పేరున్న పుస్తకం విమానంలో వెళుతుంది, అదీ తేడా! నడిచేలోపు ఆగిపోయే రచయితలే ఎక్కువమంది.

ముసుగు పోయినా రౌలింగ్ పేరు మార్చలేదు. ప్రచురణ రంగం లోగుట్టు మీదే అల్లిన 'ది సిల్క్‌వర్మ్' 2014లో వచ్చింది. 2025లో వచ్చిన 'ది హాల్‌మార్క్‌డ్ మ్యాన్'తో కలిపి స్ట్రైక్, రాబిన్‌ల నవలలు ఎనిమిదయ్యాయి. అన్నీ గాల్‌బ్రైత్ పేరుతోనే. 2017 నుంచి బీబీసీ వీటిని సీరియల్‌గా తీస్తోంది. టామ్ బర్క్ స్ట్రైక్‌గా, హాలిడే గ్రెయింజర్ రాబిన్‌గా నటిస్తున్నారు. హ్యారీ పోటర్ కథలు కూడా నిజానికి వేషం మార్చిన డిటెక్టివ్ కథలేనంటారు రౌలింగ్. ఆలోచిస్తే నిజమే. ప్రతి పుస్తకంలోనూ ఆధారాలన్నీ ముందే పరిచి, గుట్టు చివర్లోనేగా విప్పింది!

మరికొందరు రచయితలు

* జానిస్ హాలెట్: ఒకప్పుడు పత్రికా సంపాదకురాలు. 2021లో వచ్చిన 'ది అపీల్' ఆమె తొలి నవల. ఓ ఊళ్లో నాటకాల బృందం చుట్టూ జరిగే ఈ కథ మొత్తం ఈ-మెయిళ్లూ మెసేజీలే. వాటిని చదువుతూ ఇద్దరు కుర్ర లాయర్లతోపాటు పాఠకుడూ హంతకుణ్ని పట్టుకోవాలి. వెనక ఏ పెద్ద పేరూ లేకుండా, చదివినవాళ్లు మరొకరికి చెబుతూ నిలబెట్టిన పుస్తకం ఇది.

* ఆంథనీ హొరొవిట్జ్: 2016 నాటి 'మ్యాగ్‌పై మర్డర్స్'లో నవల లోపల ఇంకో నవల ఉంటుంది. ఓ ఎడిటర్ డిటెక్టివ్ కథ చదువుతూ ఉంటుంది. తీరా చూస్తే చివరి అధ్యాయం మాయం! క్రిస్టీ అభిమానులకు విందు భోజనమే.

* రిచర్డ్ ఆస్మన్: టీవీ ప్రయోక్తగా ముందే పేరున్నవాడు. 2020లో రాసిన 'ది థర్స్‌డే మర్డర్ క్లబ్'లో వృద్ధుల కోసం కట్టిన కాలనీలోని నలుగురు పెద్దవాళ్లు గురువారం గురువారం కలిసి పాత హత్య కేసుల్ని విప్పుతుంటారు. 2025లో సినిమాగానూ వచ్చింది.

ఈ జాబితా ఇంతటితో ఆగదు. ఈసారి పుస్తకాల షాపుకి వెళ్లినప్పుడు, ఎప్పుడూ వినని పేరున్న పుస్తకం కనబడితే వెంటనే పక్కన పెట్టేయకండి. నిలబడి మొదటి పది పేజీలు చదవండి. బాగుంటే మరో నలుగురికి చెప్పండి. రాసింది రౌలింగ్ కాకపోయినా ఫర్వాలేదు. నిజం గాల్‌బ్రైత్ అయితే ఆ నాలుగు మాటల అవసరం అతనికే ఎక్కువ!